నాలుగో రోజు సాయంత్రం

2002 జనవరి 1. అమెరికాలోని పిట్స్‌బర్గ్. మనవాళ్ళకు ఆ ఊరి పేరు చెబితే పెన్‌హిల్స్ కొండ మీది వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. అదే ఊరికి మరో చివర, ఒక మామూలు ఇంట్లో కొత్త సంవత్సరం భోజనాలు అవుతున్నాయి. పంది మాంసం, దాంతో పులియబెట్టిన క్యాబేజీ. మనకు ఉగాది పచ్చడి ఎలాగో, అక్కడి వాళ్ళకు ఆ రోజున ఆ వంటకం అలాగ. తింటే ఏడాదంతా కలిసొస్తుందని నమ్మకం. బయట మంచు, ఒళ్ళు కొరికే చలి.

బల్ల దగ్గర్నుంచి పదమూడేళ్ళ అలీషియా కొజాకేవిచ్ లేచింది. సిగ్గరి పిల్ల. అమ్మానాన్నా అనుమానపడే పని అంతకుముందెప్పుడూ చేయలేదు. పిల్లలు బల్ల దగ్గర్నుంచి లేవడం, లోపలికెళ్ళడం ఎవరు పట్టించుకుంటారు? ముందు తలుపు తీసుకుని ఆమె బయటికి వెళ్ళింది. ఎన్నో నెలలుగా కంప్యూటర్లో కబుర్లు చెబుతున్న స్నేహితుడు వచ్చాడు. ఒక్కసారి పలకరించి వచ్చేస్తే సరి అనుకుంది.

కొంత దూరం నడిచాక లోపలి నుంచి ఏదో గొంతు, 'ఏం చేస్తున్నావ్? ఇంటికి పో' అన్నట్టనిపించిందని ఆమె తర్వాత చాలాచోట్ల చెప్పింది. వెనక్కి తిరిగింది కూడా. అప్పుడే ఎవరో పేరు పెట్టి పిలిచారు. ఆ తర్వాత ఆమెకు తెలిసింది తను కార్లో ఉందని, పక్కనున్న మనిషి తన చెయ్యి నలిగిపోయేలా పట్టుకున్నాడని. అతనికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. పేరు స్కాట్ టైరీ. కంప్యూటర్ ప్రోగ్రామర్.

ఇంట్లో పండగ భోజనం ఇంకా పూర్తి కాలేదు.

ఇలాంటి వార్త చదవగానే మనలో చాలామందికి వచ్చే మొదటి మాట నాకు తెలుసు. 'అసలు ఎందుకు వెళ్ళింది?' అప్పుడు అమెరికాలోనూ అదే మాటన్నారు. ఆ మాట మనసులో ఉన్నవాళ్ళు ఆ రాత్రికి ముందు గడిచిన నెలల్ని కొంచెం ఓపిగ్గా చూడాలి.

నలభై దాటిన పాఠకులకు ఆ కాలం గుర్తుండే ఉంటుంది. మన ఊళ్ళలో నెట్ సెంటర్లు, గంట లెక్కన డబ్బులు, చెక్క అరల మధ్య కుర్చీలు, యాహూ మెసెంజర్ పసుపుపచ్చ బొమ్మ. చాట్ రూమ్‌లోకి అడుగుపెట్టగానే ముక్కూ మొహం తెలియనివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న 'ఏ.ఎస్.ఎల్.?' వయసెంత, ఆడా మగా, ఏ ఊరు? మనం నిజం చెప్పినా అబద్ధం చెప్పినా అడిగేవాడు లేడు. సరదాగానే ఉండేది. ఆ సరదాలోనే అమెరికాలో ఒక తరం పిల్లలు పెరిగారు. వాళ్ళ అమ్మానాన్నలకు వీధిలోకి వెళ్ళే పిల్లను జాగ్రత్త అనడం తెలుసు. కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్ల ఇంట్లోనే ఉన్నట్టు లెక్క.

అలీషియాకు అక్కడ మొదట దొరికిన స్నేహం క్రిస్టీన్. పద్నాలుగేళ్ళ అమ్మాయి, ఎర్రజుట్టు. ఇద్దరూ స్కూలు ఫొటోలు కూడా ఇచ్చిపుచ్చుకున్నారు. నెలల తరబడి సాగిన ఆ స్నేహం చివరికి ఏమిటని తేలింది? క్రిస్టీన్ అనే అమ్మాయే లేదు. ఆ పేరు వెనక కూర్చున్నది ఎదిగిన మగవాడు. ఫొటో ఎవరిదో. ఆ సంగతి బయటపడేసరికి ఆ 'క్రిస్టీన్' ఈ పిల్లను తనలాంటి ఇంకెందరికో పరిచయం చేసేసింది.

ఇక్కడ మనసుకు కష్టమనిపించే విషయం ఒకటుంది. మోసం తెలిసినా ఆ పిల్ల చాట్ మానలేదు. ఒకడు మోసగాడైతే అందరూ మోసగాళ్ళేనా అనుకుంది. పదమూడేళ్ళ వయసులో ఎవరైనా అలాగే అనుకుంటారు. అప్పటికే ఆ స్నేహాలు ఆమె రోజులో భాగమైపోయాయి.

తర్వాత వచ్చినవాడు టైరీ. ఏ వేళ కంప్యూటర్ తెరిచినా ఉండేవాడు. ఇంట్లో కోప్పడ్డారంటే ఆమె పక్షాన మాట్లాడేవాడు. స్నేహితులతో గొడవైందంటే ఓపిగ్గా వినేవాడు. నీ మాటే నిజం, నిన్ను అర్థం చేసుకోవడం వాళ్ళకు చేతకాదు అనేవాడు. పోలీసుల భాషలో దీన్ని గ్రూమింగ్ అంటారు. మనకు అంతకంటే మంచి మాటే ఉంది, మచ్చిక చేసుకోవడం. కోడెదూడను మచ్చిక చేసుకునేవాడు మొదటిరోజే పలుపు తాడు చూపించడు. గడ్డి పెడతాడు, గంగడోలు దువ్వుతాడు, తన వాసన అలవాటు చేస్తాడు. తాడు వేసే రోజుకి దూడే మెడ చాపుతుంది.

ఆ మచ్చికకు ఒక వరస ఉంటుంది. నలుగురూ ఉన్న చోట పరిచయమవుతాడు. తర్వాత 'విడిగా మాట్లాడుకుందాం' అంటాడు. 'మీ ఇంట్లో కంప్యూటర్ ఎక్కడుంది? పక్కన ఎవరైనా ఉన్నారా?' అని మాటల్లో మాటగా అడుగుతాడు. ఈ రోజుల్లో అయితే 'ఈ యాప్ వద్దు, ఇంకో యాప్‌లోకి రా, అక్కడ మెసేజ్‌లు వాటంతటవే పోతాయి' అంటాడు. 'ఇది మన ఇద్దరి మధ్యే' అనే మాట తప్పకుండా వస్తుంది. ఫొటో అడగడం, కలుద్దామనడం అన్నిటికంటే చివర. ఆ చివరి మాట వచ్చేసరికి పిల్ల కళ్ళకు అతను కొత్తవాడు కాదు, తన మాట వినే ఒకే ఒక్క మనిషి. 'కొత్తవాళ్ళతో మాట్లాడకు' అని మనం చెప్పే జాగ్రత్త అందుకే అక్కడ పనిచేయదు.

కారు పిట్స్‌బర్గ్ దాటింది. గంటల తరబడి ప్రయాణం. దారిలో ఒక టోల్ గేటు దగ్గర ఆగింది. ఆమె ఏడుస్తూనే ఉంది. ఆ బూత్‌లోని మనిషి తన మొహం వంక చూస్తాడని, ఈ పిల్ల ఎందుకేడుస్తోందని అనుమానపడతాడని ఎంతో ఆశపడింది. చిల్లర చేతులు మారింది. కారు కదిలింది.

చేరిన చోటు వర్జీనియా రాష్ట్రంలోని హెర్న్‌డన్, రాజధాని వాషింగ్టన్‌కు దగ్గర. ఇప్పుడైతే ఆ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు బోలెడు. పచ్చగా, నిశ్శబ్దంగా ఉండే వీధులు. అలాంటి వీధిలో ఒక ఇల్లు. ఆ ఇంట్లో నాలుగు రోజులు ఆ పిల్ల మెడకు గొలుసు ఉంది. అంతకు మించి నేను రాయను. ఆమె బతికి ఉండటానికి తన బుర్రనంతా వాడింది, ఎదురు తిరగకుండా ఓర్చుకుంది. ఓర్చుకోవడం ఒప్పుకోవడం కాదు. ఈ తేడా తెలియనివాళ్ళు మన మధ్య ఇంకా ఉన్నారు గనుక చెబుతున్నాను.

పిట్స్‌బర్గ్‌లో తల్లిదండ్రులు పోలీసులకు ఫోన్ చేశారు. ఎఫ్‌బీఐ రంగంలోకి దిగింది. తప్పిపోయిన పిల్లల కోసం అమెరికాలో 1984లో పెట్టిన జాతీయ కేంద్రం ఒకటుంది, ఎన్‌సీఎంఈసీ అంటారు. దాని ద్వారా ఆమె ఫొటోతో కరపత్రాలు వెళ్ళాయి. కానీ ఎక్కడని వెతుకుతారు? కారును చూసినవాళ్ళు లేరు. ఎవరితో వెళ్ళిందో తెలియదు. ఆమె చాట్‌లో కలిసినవాళ్ళు ఏ ఊళ్ళోనైనా, ఏ వయసులోనైనా ఉండవచ్చు.

దారి చూపింది నేరస్థుడి గర్వమే. తను చేస్తున్నది వెబ్‌క్యామ్‌లో, మెసెంజర్ ద్వారా ఇంకొకరికి చూపించుకున్నాడు. చూసినవాడు ఫ్లోరిడా రాష్ట్రం టాంపాలో ఉన్నాడు. తెర మీద కనిపించిన పిల్ల మొహం, తప్పిపోయిందని వేసిన కరపత్రంలోని మొహం ఒకటేనని అతను గుర్తుపట్టాడు. తానూ కేసులో ఇరుక్కుంటానని భయపడ్డాడు. ఆ భయంతోనే పేరు చెప్పకుండా, ఇంటి ఫోన్ వాడకుండా వీధిలోని కాయిన్ ఫోన్ నుంచి ఎఫ్‌బీఐకి ఫోన్ చేశాడు. అతన్ని మంచివాడనడానికి నాకు నోరు రావడం లేదు. అలాంటి దృశ్యం చూసే చోట అతనెందుకున్నాడు? అయినా ఆ ఫోన్ రాకపోతే ఈ కథ ఇంకోలా ముగిసేది. ఈ రెండూ నిజమే.

అతను ఇచ్చింది ఒక్కటే, టైరీ యాహూలో పెట్టుకున్న స్క్రీన్ నేమ్. అసలు పేరు కాదు, ఊరు కాదు, ఫోన్ నంబర్ కాదు. ఎవరైనా క్షణంలో పెట్టుకుని క్షణంలో మార్చుకోగల మారుపేరు.

అది చాలింది. ఎఫ్‌బీఐ యాహూను అడిగింది. ఆ పేరుతో లోపలికి వచ్చిన కంప్యూటర్ ఐపీ అడ్రస్ ఏమిటి? ఐపీ అడ్రస్ అంటే నెట్ కనెక్షన్‌కు ఇచ్చే అంకెల చిరునామా. మనం ఏ మారుపేరు పెట్టుకున్నా ఆ అంకెలు వెంట వస్తూనే ఉంటాయి. ఆ అంకెలు పట్టుకుని, ఆ కనెక్షన్ ఇచ్చిన వెరైజన్ కంపెనీని అడిగారు. ఆ వేళ ఆ అంకెలు ఎవరి ఇంటివి? జవాబు వచ్చింది. హెర్న్‌డన్‌లో ఒక ఇంటి చిరునామా.

ఈ దర్యాప్తు అంతా గంటలతో పందెం. ఎంత పందెమో అప్పటికి ఎవరికీ తెలియదు. నాలుగో రోజు అతను పనికి వెళుతూ ఆ పిల్లతో, నువ్వంటే నాకు మరీ ఇష్టం పెరిగిపోతోంది, సాయంత్రం అలా బయటికి వెళదాం అన్నాడు. ఆ మాటకు అర్థం ఆమెకు తెలిసింది. ఈ రోజే ఆఖరు అనుకుంది. ఒక్కతే ఏడ్చింది.

జనవరి 4 సాయంత్రం. తలుపు మీద బాదుతున్న చప్పుడు. బూట్ల చప్పుడు. మగవాళ్ళ కేకలు, తుపాకులు. తనను చంపడానికి వాడు మనుషుల్ని పంపాడనుకుని ఆమె మంచం కిందికి దూరింది. చేతులు పైకెత్తి బయటికి రమ్మన్నారు. వచ్చింది. తుపాకి గొట్టం ఎదురుగా ఉంది. అప్పుడు ఒకరు పక్కకు తిరిగారు. కోటు వీపు మీద మూడు పెద్ద అక్షరాలు కనిపించాయి. ఎఫ్, బీ, ఐ.

ఆమె మెడకున్న గొలుసును కత్తిరించారు.

అతన్ని ఆఫీసులోనే పట్టుకున్నారు. కోర్టు 19 ఏళ్ళ 7 నెలల జైలు వేసింది.

పిల్ల ఇల్లు చేరింది. కానీ ఆ పిల్ల మీద పడిన మాటలు చాలా ఉన్నాయి. తనంతట తనే కదా వెళ్ళింది, తల్లిదండ్రులు ఏం చేస్తున్నారు, పిల్లను పెంచడం ఇలాగేనా అన్నారు. పదమూడేళ్ళ పిల్ల వీటన్నిటినీ విన్నది. విని ఇంట్లో ముడుచుకుని కూర్చుంటే ఎవరూ తప్పుపట్టరు. ఆమె పద్నాలుగేళ్ళకే స్కూళ్ళకు వెళ్ళి తన వయసు పిల్లల ముందు నిలబడి జరిగింది చెప్పడం మొదలుపెట్టింది. అదే తర్వాత 'అలీషియా ప్రాజెక్ట్' అయింది. 2007 అక్టోబర్‌లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, అమెరికా ప్రతినిధుల సభ న్యాయ కమిటీ ముందు కూర్చుని సాక్ష్యం చెప్పింది. పిల్లల మీద నెట్‌లో జరిగే నేరాలను పట్టుకునే పోలీసు దళాలకు మనుషుల్ని, డబ్బును ఇమ్మని అడిగింది. ఆ మరుసటి ఏడాది ఆ దళాలకు ఊతమిచ్చే కేంద్ర చట్టం వచ్చింది. వర్జీనియా, టెక్సాస్, విస్కాన్సిన్ లాంటి రాష్ట్రాలు అందుకోసం సొమ్ము కేటాయించే 'అలీషియా చట్టం' చేశాయి. తర్వాత ఆమె ఫోరెన్సిక్ సైకాలజీ చదువుకుంది.

యాహూ మెసెంజర్ 2018లో మూతపడింది. మూతపడితే ఏముంది, ఇప్పుడు ప్రతి ఆటలోనూ, ప్రతి యాప్‌లోనూ ఒక మెసెంజర్ ఉంది. మీ అబ్బాయి ఫోన్‌లో తుపాకుల ఆట ఆడుతూ ఇయర్‌ఫోన్స్‌లో ఎవరితోనో అరుస్తూ మాట్లాడుతుంటాడు చూడండి. ఆ అవతలి గొంతు ఎవరిది? అడిగితే 'మా స్క్వాడ్' అంటాడు. 2023 ఒక్క ఏడాదిలో ఎన్‌సీఎంఈసీకి చేరిన ఫిర్యాదులు 3.6 కోట్లు పైనే. ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చినవి. వాటిలో మన దేశానికి సంబంధించినవి మనకు చేరడానికి 2019లో మన జాతీయ నేర గణాంకాల సంస్థ వాళ్ళతో ఒప్పందం చేసుకుంది. అక్కడి నుంచి ఆ సమాచారం రాష్ట్రాల పోలీసులకు వస్తుంది. మన దగ్గర కొన్ని అరెస్టులు జరిగింది ఆ దారినే.

చట్టాలు మనకూ ఉన్నాయి. పిల్లల్ని నెట్‌లో స్నేహం పేరుతో లైంగిక వ్యవహారాల్లోకి లాగడం ఐటీ చట్టంలోని 67బి కింద నేరం. దురుద్దేశంతో పిల్లల వెంట పదే పదే పడటం, అది మెసేజ్‌ల ద్వారా అయినా సరే, 2012 నాటి పోక్సో చట్టం కింద లైంగిక వేధింపు. పిల్లల పేరు, ఊరు, స్కూలు బయటపెట్టకూడదని ఆ చట్టమే చెబుతుంది. పిల్లల సహాయానికి 1098కి ఫోన్ చేయవచ్చు, సైబర్ నేరాలకైతే 1930కి చేయవచ్చు. కేంద్రం పెట్టిన సైబర్‌క్రైమ్ వెబ్‌సైట్లో, పిల్లలకు సంబంధించిన ఇలాంటి నేరాల మీద, పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు.

కానీ ఫిర్యాదుకు ముందే చాలా ఇళ్ళలో ఒక పొరపాటు జరుగుతుంది. పిల్ల ఫోన్‌లో అసహ్యమైన మెసేజ్ కనబడగానే తండ్రికి ఒళ్ళు మండిపోతుంది. ఫోన్ నేలకేసి కొడతాడు. లేదా తల్లి వణికిపోతూ చాట్ మొత్తం తుడిచేస్తుంది, వాణ్ని బ్లాక్ చేస్తుంది, పరువు పోకుండా కాపాడానని అనుకుంటుంది. టాంపా నుంచి వచ్చిన ఆ ఫోన్‌ను ఒకసారి గుర్తు చేసుకోండి. ఒక్క స్క్రీన్ నేమ్ చేతికందబట్టే పోలీసులు ఆ ఇంటి తలుపు వరకు వెళ్ళగలిగారు. మీ పిల్ల ఫోన్‌లో ఉన్న ఆ యూజర్ నేమ్, ఆ నంబర్, ఆ తేదీలు, వాడి ప్రొఫైల్ లింక్ అలాంటివే. మాటలకు స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి, ఫోన్ అలాగే పోలీసులకు చూపించండి. బ్లాక్ చేయడం ఆ తర్వాత. పిల్ల ఫొటోలు ఏవైనా అందులో ఉంటే మాత్రం వాటిని మీ ఫోన్లకు, బంధువులకు పంపకండి. పంపితే అదే ఇంకో నేరం అవుతుంది.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. చెప్పిన పిల్లకే శిక్ష వేస్తాం. ఫోన్ లాక్కుంటాం. కాలేజీ మాన్పించే ఇళ్ళు, సంబంధాలు వెతకడం మొదలుపెట్టే ఇళ్ళు నేను చూశాను. అది చూసిన చెల్లెలు ఏం నేర్చుకుంటుంది? తనకు అలాంటిది జరిగితే నోరు విప్పకూడదని. అవతలివాడికి కావలసింది సరిగ్గా అదే. 'మీ అమ్మకు చెబితే నిన్నే చంపుతుంది' అని వాడు బెదిరిస్తాడు. ఆ మాట నిజమేనని పిల్ల ఎందుకు నమ్ముతుందంటే, ఇంట్లో మన మాటలు దాన్ని నిజం చేస్తున్నాయి గనుక.

ఈ మధ్య విజయవాడలో మా అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అక్క కూతురు సోఫాలో ఓ మూల ముడుచుకుని ఫోన్ చూసుకుంటోంది. ఏడో తరగతి. నేను మంచినీళ్ళ గ్లాసుతో పక్కన కూర్చోగానే ఫోన్‌ను బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది. గ్లిట్టర్ అంటించిన గులాబీ కవరు. దాని మీద బొటనవేలితో గీస్తూ కూర్చుంది. అక్క వంటింట్లో పోపు వేస్తోంది. నేను ఏమీ అడగలేదు. ఈ వ్యాసం కోసం చదువుతున్న సంగతి కదా అని అలీషియా కథ చెప్పాను. క్రిస్టీన్ దగ్గర్నుంచి గొలుసు కత్తిరించడం దాకా. చెప్పకూడనివి వదిలేశాను.

అది కవరు మీద గీయడం ఆపేసింది. పోలీసుల గురించి అడుగుతుందనుకున్నాను. వాడికి ఏ శిక్ష పడిందని అడుగుతుందనుకున్నాను.

"ఇంటికొచ్చాక వాళ్ళమ్మ తిట్టిందా పిన్నీ?" అంది.

"లేదే. కన్నపిల్ల బతికొస్తే తిడతారా? గట్టిగా పట్టుకున్నారు అమ్మా, నాన్నా. ఆ పిల్ల చేసిన తప్పేం లేదన్నారు."

వంటింటి వైపు ఒకసారి చూసింది. ఆవాలు చిటపటలాడుతున్నాయి. నా దగ్గరికి ఇంకొంచెం జరిగి, బోర్లించిన ఫోన్‌ను మెల్లగా తిప్పింది.

"ఒకటి చూపిస్తాను. అమ్మకి నువ్వే చెప్పాలి మరి."